రిజిస్టర్లో పేరు లేని మనిషి



మీ ఊళ్లో బాగా నడిచే హోటల్ ఒకదాన్ని తలుచుకోండి. తెల్లారకముందే పొయ్యిలు వెలుగుతాయి. ఇడ్లీ మాస్టరు, దోసె మాస్టరు, పిండి రుబ్బేవాళ్లు, కూరగాయలు తరిగే ఆడవాళ్లు, సర్వర్లు, బల్లలు తుడిచే కుర్రాళ్లు, గిన్నెలు కడిగేవాళ్లు, కౌంటర్లో బిల్లు కొట్టే మనిషి. అందరినీ లెక్కపెడితే 23 మంది తేలారనుకుందాం. ఇప్పుడు ఆ హోటల్ హాజరు రిజిస్టర్ తెరుద్దాం. అందులో 19 పేర్లే ఉన్నాయి. మిగిలిన నలుగురూ పొయ్యి దగ్గర ఉన్నారు. పుస్తకంలో మాత్రం లేరు.

ఇది నేను ఊహించి చెబుతున్న హోటల్. కానీ ఇలాంటి లెక్క బట్టల దుకాణంలో ఉంటుంది. రైస్ మిల్లులో ఉంటుంది. అపార్ట్‌మెంట్ గేటు దగ్గరా ఉంటుంది. యజమానులు ఆ పేర్లు ఎందుకు రాయరు? రాయకపోతే నిజంగా మిగిలేదెంత? ఈ రెండు ప్రశ్నలకే ఇవాళ జవాబు వెతుకుదాం.

ముందుగా ఒక చిన్న తేడా చెప్పాలి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో ఒక లెక్క చెప్పింది. ప్రపంచంలో పనిచేసేవాళ్లలో నూటికి 60 మందికి పైగా అసంఘటిత పనుల్లోనే ఉన్నారని. అంటే దాదాపు 200 కోట్ల మంది. మన రైతు కూలీ, తోపుడు బండి మీద అరటిపళ్లు అమ్మే ఆమె, వీళ్లంతా అందులోకి వస్తారు. వీళ్లను ఎవరూ దాచిపెట్టలేదు. వీళ్ల దాకా చట్టమే సరిగా రాలేదు. మన హోటల్లో ఆ నలుగురి సంగతి వేరు. చట్టం వాళ్ల దాకా వచ్చింది. యజమాని వాళ్లను చట్టానికి చూపించలేదు. నేను మాట్లాడేది వీళ్ల గురించే.

సరే, 23 మందిలో 19 పేర్లే ఎందుకు రాశాడు? పదిహేనో, ఇరవై ఒకటో ఎందుకు రాయలేదు? అసలు కిటుకంతా ఆ 19లోనే ఉంది.

ప్రావిడెంట్ ఫండ్ చట్టం 1952లో వచ్చింది. 20 మంది, అంతకు మించి పనిచేసే చోట పీఎఫ్ కట్టాలి. పనివాళ్ల బీమా అయిన ఈఎస్ఐకి ఈ గీత ఇంకా కింద ఉంటుంది. 10 మంది ఉంటే చాలు, వర్తిస్తుంది. కాబట్టి 19 మంది ఉన్న హోటల్ ఈఎస్ఐ కట్టాలి, పీఎఫ్ కట్టక్కర్లేదు. 20వ మనిషి పేరు రాసిన రోజున పీఎఫ్ మొదలవుతుంది. ఆ ఒక్కడికే కాదు, పీఎఫ్ పరిధిలోకి వచ్చే అందరికీ.

ఇక్కడ కాస్త లెక్క చెప్తాను. నెమ్మదిగా వినండి. తేలిగ్గా ఉండటానికి అందరి జీతమూ నెలకు 15,000 అనుకుందాం. పీఎఫ్‌కు యజమాని వాటా 12 శాతం. అంటే 1,800 రూపాయలు. దానికి తోడు బీమాకూ, నిర్వహణ ఖర్చుకూ కలిపి ఇంకో ఒక శాతం, 150 రూపాయలు. మొత్తం ఒక మనిషికి నెలకు 1,950. ఇరవై మందికి ఎంత? 39,000.

ఇప్పుడు యజమాని మనసులో ఏం జరుగుతుందో చూడండి. పండగ సీజన్ వచ్చింది. ఇంకో సర్వర్ కావాలి. వాడి జీతం 15,000. కానీ వాడి పేరు రాస్తే, వాడి జీతం కాక, నెలకు మరో 39,000 పీఎఫ్ పడుతుంది. అంటే ఆ 20వ మనిషి యజమానికి 54,000 రూపాయల మనిషి అవుతాడు. 19వ మనిషికి 15,000 చిల్లర. 20వ మనిషికి 54,000. చేసే పని ఒక్కటే. గీత దాటడమే ఖరీదు.

ఆ గీతకు ఇంకో గుణం కూడా ఉంది. ఒకసారి దాటితే వెనక్కి రావడం ఉండదు. తర్వాత మనుషులు తగ్గి 12 మందే మిగిలినా, పీఎఫ్ చట్టం ఆ సంస్థను వదలదు. సీజన్ రెండు నెలలు, పీఎఫ్ మాత్రం ఎప్పటికీ. అందుకే చాలామంది గీత ముందే ఆగిపోతారు. వ్యాపారం ఆగదు కాబట్టి మనుషుల్ని తీసుకుంటారు. పేర్లు మాత్రం రాయరు.

ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఆ హోటల్ దాచింది నలుగురిని. పీఎఫ్ నష్టపోయింది 23 మంది. పుస్తకంలో పేరున్న 19 మందికీ పీఎఫ్ రాలేదు. ఆ నలుగురికైతే పీఎఫ్ లేదు, ఈఎస్ఐ కూడా లేదు.

ఇది మొదటి కారణం. రెండో కారణం కాస్త ఇబ్బందికరమైంది. చాలాసార్లు పనివాడే వద్దంటాడు.

పీఎఫ్ ఉంటే పనివాడి జీతంలోంచి కూడా 12 శాతం కటింగ్ అవుతుంది. ఈఎస్ఐకి ముప్పావు శాతం. పదిహేను వేల జీతంలో దాదాపు 1,900 పోతాయి. చేతికి 13 వేల చిల్లర వస్తుంది. ఇంటి అద్దె, పిల్లల ఫీజు, చిట్టీ కట్టాల్సినవాడికి ఆ 1,900 చిన్న మొత్తం కాదు. "సార్, నాకు పీఎఫ్ వద్దు, మొత్తం చేతికే ఇచ్చేయండి" అంటాడు. జీతం పుస్తకంలో కనబడితే బియ్యం కార్డు పోతుందేమోనని ఇంకో భయం. పాత పీఎఫ్ అనుభవం ఇంకోటి. ఆధార్లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, పీఎఫ్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది. ఆ పేరు సరిచేయించుకోవడానికి తిరిగి తిరిగి విసిగినవాడు మళ్లీ పీఎఫ్ మాట ఎత్తడు.

కాబట్టి ఇద్దరూ ఒప్పుకునే చేస్తున్నారు అనిపిస్తుంది. కానీ ఆ ఒప్పందంలో పనివాడు వదులుకున్న దాంట్లో తన 1,800తో పాటు యజమాని వేయాల్సిన 1,800 కూడా ఉంది. ఆ రెండోది తన చేతికి రాలేదు. యజమాని జేబులోనే ఉండిపోయింది. ఈ సంగతి వాడికి ఎవరూ చెప్పరు.

మూడో కారణం పోటీ. ఇది మన ఇళ్ల దాకా వస్తుంది.

ఒక అపార్ట్‌మెంట్ సంఘం సెక్యూరిటీ గార్డుల కోసం రెండు ఏజెన్సీలను రేటు అడిగిందనుకుందాం. మొదటి ఏజెన్సీ కనీస వేతనం, పీఎఫ్, ఈఎస్ఐ, వారానికో సెలవు, అన్నీ లెక్కేసి ఒక గార్డుకు 20,000 చెప్పింది. రెండోది 15,000 చెప్పింది. సంఘం మీటింగులో చేతులు దేనికి లేస్తాయి? రెండోదానికే. ఆ తేడా 5,000 ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ అడగరు. ఆ ఏజెన్సీ గాల్లోంచి తీసి ఇవ్వడం లేదు. గార్డు పీఎఫ్‌లోంచి, ఈఎస్ఐలోంచి, సెలవుల్లోంచి తీసి మనకు తగ్గింపు ఇస్తోంది. మొదటి ఏజెన్సీ వాడు నాలుగు కాంట్రాక్టులు పోగొట్టుకున్నాక ఐదోసారి తను కూడా 15,000 రాస్తాడు. ఇలా నిజాయతీపరుడే ముందు బజారున పడతాడు. నేరం ఏజెన్సీదే కావచ్చు. ఆ రేటుకు చెయ్యెత్తింది మనమే.

నాలుగో కారణం డబ్బు లెక్కలకు సంబంధించింది. బిల్లు లేకుండా అమ్మిన సరుకు ఉంటే, ఆ నగదు బ్యాంకులో వేయడం కష్టం. దాన్ని ఎక్కడో ఖర్చు పెట్టాలి. జీతాలు అందుకు సులువైన దారి. పుస్తకంలో లేని అమ్మకానికి పుస్తకంలో లేని జీతం సరిపోతుంది. కొన్నిచోట్ల మనిషి పేరు రాస్తారు గానీ జీతం సగమే రాస్తారు. ఎనిమిది వేలు బ్యాంకులో, ఏడు వేలు చేతిలో. పీఎఫ్ ఎనిమిది వేల మీదే కడతారు. మనిషి కనబడతాడు, జీతం కనబడదు.

ఇక ఐదో కారణం. దీన్ని ఎవరూ పైకి చెప్పరు. పుస్తకంలో లేని మనిషి నోరెత్తడు.

తను అక్కడ పనిచేసినట్టు కాగితం లేనప్పుడు, జీతం ఆపితే ఎవరికి చెప్పాలి? ఓవర్‌టైం ఇవ్వకపోతే ఏమని ఫిర్యాదు చేయాలి? ఒడిశా నుంచి మన ఇటుక బట్టీలకు కుటుంబాలతో వచ్చేవాళ్లకు ఈ సంగతి తెలుసు. ముందే అడ్వాన్సు తీసుకుని, మేస్త్రీ వెంట వచ్చినవాడికి యజమాని పేరు కూడా సరిగా తెలియదు. గల్ఫ్‌కు వెళ్లిన మన నిజామాబాద్, కరీంనగర్ జిల్లాల వాళ్లనడగండి. కంపెనీ వదిలేసి బయట దొంగచాటుగా పనిచేసేవాణ్ని అక్కడ ఖల్లివెల్లి అంటారు. ఖల్లివెల్లి మనిషికి జీతం ఎగ్గొడితే పోలీసు దగ్గరికి వెళ్లలేడు. వెళ్తే ముందు పట్టుబడేది తనే. చవకగా దొరకడంతో పాటు అణిగిమణిగి ఉంటాడన్నదే అలాంటివాడిని పెట్టుకోవడంలో యజమానికి లాభం. ఊరు మారినా, దేశం మారినా ఈ కారణం మారదు.

ఇన్ని కారణాలున్నాయి. మరి పట్టుబడతామన్న భయం ఉండదా?

ఉంటుంది. దానికీ ఒక లెక్క ఉంది. మైఖేల్ అల్లింగ్‌హామ్, ఆగ్నార్ సాండ్‌మో అని ఇద్దరు ఆర్థికవేత్తలు 1972లో ఆదాయపు పన్ను ఎగవేత గురించి ఒక వ్యాసం రాశారు. అందులో సారం చాలా తేలిక. ఎగ్గొట్టేవాడు రెండింటిని తూకం వేసుకుంటాడు. పట్టుబడే అవకాశం ఎంత? పట్టుబడితే కట్టాల్సింది ఎంత? మన హోటల్‌కు ఇదే తూకం వేద్దాం.

ఇరవై మూడు మందికి మూడేళ్లు పీఎఫ్ కట్టలేదు. యజమానికి మిగిలింది దాదాపు 16 లక్షలు. పట్టుబడితే? తన వాటా కట్టాలి. పనివాళ్ల వాటా కూడా తనే కట్టాలి. ఎందుకంటే అప్పట్లో కట్ చేయని వాటాను ఇప్పటి జీతంలోంచి పట్టుకోవడానికి చట్టం మామూలుగా ఒప్పుకోదు. ఆ పైన ఏడాదికి 12 శాతం వడ్డీ. ఆ పైన నెలకు ఒక శాతం చొప్పున జరిమానా. అన్నీ కలిపితే 40 లక్షలు దాటుతుంది.

మిగిలింది 16. కట్టాల్సింది 40. యజమాని ఏమనుకుంటాడు? పదింట నాలుగుసార్ల కంటే తక్కువ పట్టుబడతామని నమ్మకం ఉంటే, దాచడమే లాభం అనుకుంటాడు. చుట్టుపక్కల బజారంతా చూస్తాడు. తనిఖీకి వచ్చినవాళ్లు కనబడరు. "ఎవరొస్తారులే" అనుకుంటాడు. ఆ లెక్క ప్రకారం చూస్తే అతను మూర్ఖుడేం కాదు.

కానీ ఆ లెక్కలో ఒక పెద్ద పద్దు రాయడం మరిచిపోయాడు. ఇవాళ నేను చెప్పదలచుకున్న అసలు సంగతి అదే.

ఇన్సూరెన్స్ లేకుండా బండి నడిపేవాడు పోలీసు గురించే ఆలోచిస్తాడు. ఏ కూడలిలో ఆపుతారో, ఏ సందులోంచి పోవాలో అతనికి బాగా తెలుసు. ఏళ్ల తరబడి దొరక్కపోవచ్చు. అయితే ఇన్సూరెన్స్ ఉన్నది పోలీసు కోసమా? ప్రమాదం కోసం. పుస్తకంలో పేరు లేని మనిషిని పనిలో పెట్టుకోవడం కూడా ఇన్సూరెన్స్ లేని బండి నడపడమే. తనిఖీ అధికారి రాకపోవచ్చు. గ్రైండర్ మాత్రం రోజూ తిరుగుతుంది. నూనె రోజూ కాగుతుంది. గ్యాస్ సిలిండర్ రోజూ మారుస్తారు.

ఈ ఇన్సూరెన్స్‌కు ప్రీమియం ఎంతో చూడండి. 2019 జులై నుంచి ఈఎస్ఐలో యజమాని వాటా 3.25 శాతం. అంతకుముందు 4.75 ఉండేది, తగ్గించారు. పదిహేను వేల జీతం మీద ఇది నెలకు 488 రూపాయలు. మన హోటల్లో ఆ నలుగురికీ కలిపి నెలకు 2,000 రూపాయలు కూడా కాదు. దానికి వచ్చేదేమిటి? పనివాడికీ, ఇంట్లోవాళ్లకూ వైద్యం. పనిలో చెయ్యి కాలి మంచాన పడితే, కోలుకునేదాకా జీతంలో 90 శాతం. పనిలో చేరిన మొదటి రోజే దెబ్బ తగిలినా వర్తిస్తుంది. ప్రాణమే పోతే, అతని మీద ఆధారపడ్డవాళ్లకు జీతంలో 90 శాతం దాకా నెలనెలా పింఛను.

పేరు రాయకపోతే? ఈఎస్ఐ కట్టాల్సిన చోట కట్టకుండా ఉంటే, ఈఎస్ఐ కార్పొరేషన్ పనివాడికి సాయం చేసి, ఆ డబ్బు యజమాని దగ్గర వసూలు చేసుకోవచ్చు. ఈఎస్ఐ వర్తించని చిన్నచోట్ల అయితే పరిహారం నేరుగా యజమానే ఇవ్వాలి. ఆ నియమం 1923 నుంచే ఉంది. 30 ఏళ్ల మనిషి, పదిహేను వేల జీతం, పనిలో ప్రాణం పోయిందనుకుందాం. జీతంలో సగం తీసుకుంటారు, 7,500. దాన్ని వయసును బట్టి చట్టం ఇచ్చిన అంకెతో హెచ్చవేస్తారు. 30 ఏళ్లకు ఆ అంకె 207.98. లెక్క తేలేది దాదాపు 15 లక్షల 60 వేలు. చిన్న వర్క్‌షాప్ నడిపేవాడు ఆ డబ్బు ఎక్కడి నుంచి తెస్తాడు? షెడ్డు అమ్మాలి, లేదా ఇల్లు తాకట్టు పెట్టాలి.

చాలాచోట్ల ఇది కోర్టు దాకా వెళ్లదనీ నాకు తెలుసు. పెద్దమనుషులు కూర్చుంటారు. ఎంతో కొంత ఇప్పిస్తారు. కాగితం మీద వేలిముద్ర తీసుకుంటారు. అప్పుడు యజమాని బయటపడ్డాడు. ఖర్చు మాయమైపోలేదు. చనిపోయినవాడి భార్య మీద పడింది. బడి మానేసి పనికెళ్లే కొడుకు మీద పడింది. పెద్దాసుపత్రిలో మంచం పట్టినవాడి వైద్యం రూపంలో ప్రభుత్వం మీద, అంటే మనందరి మీద పడింది. అందుకే మళ్లీ చెబుతున్నాను. పేరు రాయకపోతే ఖర్చు తగ్గదు. చేతులు మారుతుంది. ఎవరి చేతుల్లోకి పోతుందో ప్రమాదం జరిగిన రోజునే తెలుస్తుంది.

ముసలితనం సంగతీ అంతే. పీఎఫ్‌తో పాటు వచ్చే పింఛనుకు కనీసం పదేళ్ల సర్వీసు ఉండాలి. ముప్పై ఏళ్లు దోసెలు వేసినా, పుస్తకంలో ఒక్క ఏడాది లేని మాస్టరుకు 58 ఏళ్లప్పుడు చూపించుకోవడానికి ఏమీ ఉండదు.

చట్టం ఊరుకుందా అంటే, లేదు. 2017లో ఒకసారి, 2025 నవంబర్ నుంచి మరోసారి, దాచిన పనివాళ్లను చేర్పించమని పీఎఫ్ సంస్థ యజమానులకు వెసులుబాటు ఇచ్చింది. 2025 నవంబర్ 21 నుంచి నాలుగు కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. 29 పాత చట్టాలు వాటిలో కలిశాయి. ప్రతి పనివాడికీ నియామక పత్రం ఇవ్వాలన్నారు. మంచి సంగతే. కానీ 20 మంది గీత, 10 మంది గీత అలాగే ఉన్నాయి. గీత ఉన్నంతకాలం దాని అంచున నిలబడాలన్న ఆశ కూడా ఉంటుంది. చిన్న యజమానికి గీత దాటిన మొదటి రెండు మూడేళ్లు భారం కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోతే, పేర్లు రాయడానికి ఇంత జంకడని నా అభిప్రాయం.

చట్టం మారేదాకా ఆగక్కర్లేదు. మనం చేయగలిగింది చెప్తాను.

మీరు యజమాని అయితే, ముందు ఈఎస్ఐ సంగతి చూడండి. పదిమంది ఉంటే చాలు, ఒక్క పేరు కూడా బయట ఉంచకండి. మనిషికి నెలకు 488 రూపాయలకు మీ ఇల్లూ, షెడ్డూ కాపాడుకుంటున్నారనుకోండి. మనుషులు ఇరవైకి దగ్గరవుతున్నారా? అయితే ఆరు నెలల ముందు నుంచే జీతాల మీద 13 శాతం పక్కన పెట్టడం అలవాటు చేసుకోండి. మీ ధరలు ఆ ఖర్చు మోయగలవో లేదో అప్పుడే తెలిసిపోతుంది. మోయలేకపోతే ధర మార్చండి, మనుషుల్ని దాచకండి.

మీరు పనివాళ్లయితే, మీ పీఎఫ్ యూఏఎన్ నంబరు, ఈఎస్ఐ నంబరు అడిగి రాసుకోండి. జీతంలో కటింగ్ జరుగుతుంటే, ఆ డబ్బు నిజంగా జమ అవుతోందో లేదో ఉమంగ్ యాప్‌లో చూసుకోండి. ఫోను వాడటం రాకపోతే పిల్లల చేత చూపించుకోండి. పేరే రాయలేదంటే, మీరు పనికెళ్లిన రోజులు ఒక నోటు పుస్తకంలో మీరే రాసుకోండి. జీతం చేతికి కాకుండా ఫోన్‌పేలోనో బ్యాంకులోనో వేయమనండి. రేపు అవసరం పడితే, మీరక్కడ పనిచేశారనడానికి అవే సాక్ష్యం.

మీరు అపార్ట్‌మెంట్ సంఘంలోనో, ఏదైనా ఆఫీసులోనో కాంట్రాక్టు ఇచ్చేవాళ్లయితే, మీ పని ఇంకా తేలిక. ఏజెన్సీని ప్రతినెలా రెండే అడగండి. పీఎఫ్, ఈఎస్ఐ కట్టిన చలానాలు. ఆ చలానాల వెంట ఉండే పేర్ల జాబితా. మీ గేటు దగ్గర నిలబడ్డ గార్డు పేరు అందులో ఉందో లేదో చూడండి. లేకపోతే ఆ నెల బిల్లు ఆపండి. ఉంటే, ఇంకోడు తక్కువకు వస్తానన్నాడని ఆ ఏజెన్సీని మార్చకండి. పేరు రాసినందుకు కాంట్రాక్టు పోదని తెలిస్తే, ఇంకో ఏజెన్సీ కూడా పేర్లు రాయడం మొదలుపెడుతుంది.